పంఫ్రీ గారి సర్వీసు రిజిస్టరు

ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో నేను చాలామంది సర్వీసు రిజిస్టర్లు రాశాను. చేరిన రోజు నుంచి ఇంటి దగ్గర దిగబెట్టి వచ్చిన రోజు దాకా మొత్తం నా చేతి మీదుగా నడిచిన ఉద్యోగం మాత్రం ఒక్కటే. ఆ ఉద్యోగి పేరు హిరామ్ పంఫ్రీ. అమెరికాలో ఒక రాష్ట్రానికి శాసనసభ్యుడు. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. చూసే వీలు కూడా లేదు, ఆయన పుట్టింది 1803లో.

మాది చిన్న వంతెనల ప్రాంతీయ మండలి. గెడ్డల మీద, అంటే వాగుల మీద, వంతెనలు కట్టడం మా పని. నేను అందులో సిబ్బంది వ్యవహారాల సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని కాబట్టి నాకు వంతెనలతో సంబంధం లేదు. ఆ మాటకొస్తే మండలికీ తొమ్మిదేళ్ళుగా సంబంధం లేదు. వంతెన మంజూరు కావాలంటే కార్యనిర్వాహక అధికారి సంతకం పడాలి. ఆ కుర్చీ తొమ్మిదేళ్ళుగా ఖాళీ. అది తనకి వస్తుందని మా సూపరింటెండెంటు కూర్మారావు గారు తొమ్మిదేళ్ళుగా ఇస్త్రీ బట్టలు వేసుకుని వస్తున్నారు. సీనియారిటీ జాబితా తేలలేదు, కుర్చీ నిండలేదు, వంతెన లేవలేదు. ఎందుకని బయటివాళ్ళెవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

అలా హాయిగా సాగిపోతుండగా విశ్వంభరం గారు చైర్మన్‌గా వచ్చారు. ఆయనకి స్ఫూర్తి మీద మహా మక్కువ. వచ్చిన వారానికే ఒక సర్క్యులర్ తీశారు. "ఇకమీదట మండలికి సమర్పించు ప్రతి ప్రతిపాదనకు పైభాగమున ఒక ఆదర్శ శాసనకర్త జీవిత విశేషములు జతపరచవలెను. స్ఫూర్తి లేని ప్రతిపాదనలు పరిశీలనకు నోచుకొనవు." ఆదర్శ శాసనకర్త ఎవరన్నదాని మీద సర్క్యులర్ కిందే వివరణ ఉంది. బతికున్నవాళ్ళు పనికిరారు, ఫైలు నడుస్తుండగా పార్టీ మారిపోవచ్చు. మన దేశం వాళ్ళు పనికిరారు, ముందు కులం అడుగుతారు. అందుచేత పందొమ్మిదో శతాబ్దపు విదేశీ శాసనకర్తలు మాత్రమే అనుమతింపబడతారు.

ఆ కార్తీకంలోనే ఒక సోమవారం, అర్జీల రోజున, తవిటమ్మ గారు వచ్చారు. ఆవిడ కొర్రలవలస సర్పంచి. చెప్పులు చేతిలో ఉన్నాయి, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. కొర్రలవలస నుంచి బయటికి రావాలంటే ఏడొంపులగెడ్డ దాటాలి. ఆవిడ గెడ్డ దాటి, ఆటో ఎక్కి, మా ఆఫీసు మెట్ల మీద కాళ్ళు తుడుచుకుని, అప్పుడు చెప్పులు వేసుకుంటారు. నేల తడి అవుతోందని మా ప్యూను విసుక్కున్నాడు.

"వంతెన ఏస్తే తడి తేను కదా బాబూ," అన్నారావిడ వాడితో, ఏమీ కోపం లేకుండానే.

అర్జీ నేను చదివాను. రెండు వాక్యాలే ఉంది. మిగతాది ఆవిడ నోటితో చెప్పారు. "నీరు మొలలోతుంటే మా ఆయిన తెప్పేసి దాటిస్తాడు బాబూ. ఉరవడొస్తే తెప్పా నేదు, మనిసీ నేదు. కిందటేడు మా మరదలికి నొప్పులొచ్చినాయి. మంచం మీదెట్టి గెడ్డొడ్డున కూకున్నాం. సాయంత్రానికి నీరు తగ్గింది, బతికింది. మల్లీ వానలకి ఇంకెవులో నీళ్ళాడాల. గెడ్డ మా మాట ప్రతిసారీ ఇంతాదేటి?"

అర్జీ పైన ఆదర్శ శాసనకర్త లేడని ఇన్‌వర్డు గుమాస్తా తీసుకోనన్నాడట. ఆవిడ ఆ కాయితం పట్టుకుని బల్లబల్లకీ తిరిగి చివరికి నా దగ్గరికి వచ్చారు. నాకు జాలేసింది. జాలి సిబ్బంది వ్యవహారాల కిందికి రాదని తెలిసి కూడా వేసింది.

మా సెక్షన్లో మంచినీళ్ళ డ్రమ్ము కింద ఎత్తుకోసం పెట్టిన పాత ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం ఒకటి ఉంది. ఒకే సంపుటం, పి అక్షరానిది. డ్రమ్ము దింపి పుస్తకం తీశాను. అందులో అరపేజీలో దొరికాడు హిరామ్ పంఫ్రీ. పడవ నడుపుకునేవాడు. ఏటికి అవతలున్న తన ఊరికి వంతెన కావాలని 1839లో శాసనసభకు ఎన్నికయ్యాడు. ప్రతి సమావేశంలోనూ లేచి అదే అడిగేవాడు. ఆయన లేస్తే మిగతా సభ్యులు భోజనానికి లేచేవారు. 1843లో ఓడిపోయాడు. 1847లో మళ్ళీ గెలిచి మళ్ళీ అదే అడిగాడు. 1850లో, మొదట అడిగిన పదకొండేళ్ళకి, వంతెన వచ్చింది. దాంతో ఆయన పడవకి పని లేకుండా పోయింది. 1871లో చనిపోయాడు. పక్కన బొటనవేలంత బొమ్మ కూడా ఉంది, చెవుల దాకా దిగిన జుట్టుతో, ఎదటివాడు వినడం లేదని తెలిసినా మాట్లాడే మనిషి మొహం.

ఇదంతా తవిటమ్మ గారికి తెలుగులో చెప్పాను. ఆవిడ పుస్తకం మీదకి వంగి ఆ బొమ్మని చూశారు. "తెప్పోడా," అన్నారు తరవాత. "మా ఆయిన లాగే. వంతెనొస్తే తన కూడు పోతాదని తెలిసీ అడిగినాడన్నమాట."

"అవునమ్మా."

"మా ఆయినా అలగే అన్నాడు బాబూ. అడుగు, పర్నేదన్నాడు."

జీవిత విశేషాలే అడిగారు కాబట్టి చావు మాట వదిలేసి, పంఫ్రీ జీవితాన్ని ఒక పేజీలో తెలుగులో రాసి, నియమం ప్రకారం అర్జీకి పైన కుట్టి, ఇన్‌వర్డులో ఇప్పించాను. మంచి పని చేశానని ఆ పూట నాకు మహా సంతోషంగా ఉంది.

ఇక్కడ ఇన్‌వర్డు గుమాస్తాని నేను తప్పు పట్టను. ఆయనకి ఉద్యోగంలో చేరిన నాడు నేర్పిన సూత్రం ఒకటే. కాయితం మీద ఒక మనిషి పేరు, పుట్టిన తేదీ, పదవిలో చేరిన తేదీ మూడూ కనిపిస్తే అది సిబ్బంది వ్యవహారం. పై పేజీలో మూడూ కనిపించాయి. కింది పేజీ ఆయన ఎప్పుడూ చూడడు. సిబ్బంది వ్యవహారాల ముద్ర కొట్టి, ఆ వరసలో నంబరు వేసి, ఫైలు మళ్ళీ నా బల్ల మీదకే పంపాడు. మా ఆఫీసులో మనుషులు మారతారు, గోడల రంగు మారుతుంది, ఒకసారి పడ్డ ఫైలు నంబరు మాత్రం మారదు. వంతెన అర్జీ ఇప్పుడు పంఫ్రీ ఫైలుకి జతపత్రం.

"సదరు పంఫ్రీ మన ఉద్యోగి కారు" అని నోటు రాసి పంపాను. రెండో రోజు చైర్మన్ గారి ఆకుపచ్చ సిరాతో తిరిగొచ్చింది. "కారనుటకు ఆధారమేమి? నియామకపు ఉత్తర్వు రద్దు చేసిన పత్రము ఫైలులో కానరాదు. సర్వీసు రిజిస్టరు లేకుండా ఒక సీనియరు ఉద్యోగిని ఇంతకాలము ఉంచుట తీవ్రమైన అలసత్వము. వారములోగా తెరచి సమర్పించవలెను."

తెరిచాను. మరేం చెయ్యను, నాకూ ఇల్లూ సంసారం ఉన్నాయి. పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, అన్నీ రాశాను. పుట్టుమచ్చల గడిలో, బొమ్మలో ముక్కు పక్కన పడ్డ అచ్చుసిరా చుక్క రాశాను. సొంత ఊరు గడి దగ్గర ఆగాను. అది ఖాళీగా వదలకూడదు, పైగా మండలి పరిధిలోని ఊరే అయ్యుండాలి. ఫైలులో ఉన్న ఊరు ఒక్కటే. కొర్రలవలస అని రాశాను. చనిపోయిన తేదీకి ఆ రిజిస్టరులో గడి లేదు. గడి లేని విషయం రాయడం నాకు అలవాటు లేదు.

రిజిస్టరు చూడగానే చైర్మన్ గారు పొంగిపోయారు. మండలికి అంతర్జాతీయ స్థాయి వచ్చిందన్నారు. అంతలోనే ఆయన కళ్ళు 1843 మీద పడ్డాయి. 1843 నుంచి 1847 దాకా నాలుగేళ్ళు పంఫ్రీ ఎక్కడున్నట్టు? సెలవు చీటీ లేదు. అనుమతి లేదు. ఆ సాయంత్రానికి అభియోగ పత్రం తయారైంది. "సదరు ఉద్యోగి ఉద్దేశపూర్వకముగా నాలుగు సంవత్సరములు విధులకు గైర్హాజరైనందుకు ఎందుకు చర్య తీసుకొనరాదో పదిహేను దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను." నోటీసు సొంత ఊరికి వెళ్ళింది. మా ప్యూను పాంటు మడిచి గెడ్డ దాటి, మనిషి దొరక్కపోవడంతో నియమం ప్రకారం పంచాయతీ గోడకి అంటించి వచ్చాడు. అతనికి అప్పుడు తెలిసింది, ఆఫీసు నేల ఎందుకు తడుస్తోందో.

విచారణాధికారిగా కూర్మారావు గారిని వేశారు. విచారణ రోజున ప్యూను వసారాలో నిలబడి హిరామ్ పంఫ్రీ, హిరామ్ పంఫ్రీ, హిరామ్ పంఫ్రీ అని మూడుసార్లు పిలిచాడు. మూడో పిలుపుకి వసారా బెంచీ మీంచి తవిటమ్మ గారు లేచారు.

"మీరెందుకమ్మా?" అన్నారు కూర్మారావు గారు.

"ఆయినది మా వూరని మీరే గోడకంటించినారు. మా వూరోడి మీద కేసెడితే నాను రాకుంటే ఎవులొత్తారు? ఈ కేసు తేల్తేనే నా కాయితం కదుల్తాదని ఈ బాబు సెప్పినారు," అంటూ నన్ను చూపించారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

కూర్మారావు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "సదరు ఉద్యోగి నాలుగు సంవత్సరములు గైర్హాజరు. మీరేమంటారు?"

"ఓడిపోనాడు బాబూ."

"ఓటమి అనేది సెలవుల నియమావళిలో ఏ రకం సెలవు కిందికి వస్తుందో చెప్పండి."

"అది నాకు తెల్దు. నానూ ఓపాలి ఓడిపోనాను. ఓడిపోతే మనిసి ఇంటికాడ ముసుగెట్టుకుంతాడేటి? నాను పొలానికెల్లినాను. ఆ బాబు తెప్పకాడికి ఎల్లుంతాడు. గెలిపించినోల్లనీ ఓడించినోల్లనీ ఆ నాలుగేల్లూ దాటించుంతాడు. అది పని కాదేటి?"

కూర్మారావు గారు చెడ్డవారు కాదు. చాలాసేపు కలం నోట్లో పెట్టుకుని ఆలోచించి, "గైర్హాజరు కాలమున సైతము సదరు ఉద్యోగి ప్రజారవాణా విధులు నిర్వర్తించినట్లు సాక్షి వాంగ్మూలము" అని రాసి, అభియోగాలు కొట్టేశారు. తవిటమ్మ గారు మెట్ల మీద చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటూ, "ఇంక వంతెనేనా బాబూ?" అని అడిగారు. ఇంక వంతెనే అన్నాను. నమ్మే అన్నాను.

మచ్చ పోయింది కాబట్టి పంఫ్రీ పేరు సీనియారిటీ జాబితాలోకి ఎక్కింది. తొమ్మిదేళ్ళుగా తేలని జాబితా ఒక్క పూటలో తేలింది. మొదటి పేరు గురించి ఎవరికీ ఏ అనుమానమూ లేకపోవడమే కారణం. ఉగాది ముందు రోజు ఉత్తర్వు వచ్చింది. కార్యనిర్వాహక అధికారిగా హిరామ్ పంఫ్రీ.

కూర్మారావు గారు నా బల్ల దగ్గరికి వచ్చి కూలబడ్డారు. "ఏటండీ బెహరా గారూ ఇది? ఆయన నాకంటే సీనియరేటి?"

"తమరు చేరింది 1989లో అండీ. ఆయన 1839లో."

"సరిగ్గా నూటయాభై ఏళ్ళు." ఆయన వేళ్ళ మీద మళ్ళీ లెక్క వేసుకున్నారు. "ఒకటో రెండో అయితే కోర్టుకి వెళ్ళుందును. నూటయాభై అంటే ఏటని వెళ్తాం?" మర్నాటి నుంచి ఆయన చొక్కాకి ఇస్త్రీ లేదు.

పంఫ్రీ గారి గది తెరిచి బూజు దులిపారు. కుర్చీ వీపుకి తెల్ల తువ్వాలు వేశారు. బల్ల మీద గంట, మూతపెట్టిన నీళ్ళ గ్లాసు, గుమ్మానికి పేరు పలక. ఎవరైనా వస్తే ప్యూను, "అయ్యగారు క్యాంపులో ఉన్నారు" అనేవాడు. జనం సరేనని వెళ్ళిపోయేవారు. ఇదివరకటి అధికారులకీ ఈయనకీ తేడా ఎవరూ కనిపెట్టలేదు. పైగా ఈయన అరవరు, మామూళ్ళు అడగరు, బంధువులని తెచ్చి గుమ్మంలో కూచోబెట్టరు. రెండు నెలలు తిరక్కుండానే చైర్మన్ గారు ఉత్తమ అధికారి ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని కుర్చీ చేతికి ఆనించి ఫోటో తీయించారు.

వంతెన అర్జీ కూడా కదిలింది. నియమం ప్రకారం కార్యనిర్వాహక అధికారి బల్ల మీదకి వెళ్ళింది. ఆయన సంతకం కోసం అక్కడే ఉంది.

మే మొదటి సోమవారం తవిటమ్మ గారు వచ్చారు. గెడ్డలో నీళ్ళు లేని రోజులు కాబట్టి కుచ్చిళ్ళు పొడిగా ఉన్నాయి, చెప్పులు మాత్రం అలవాటుకొద్దీ చేతిలోనే ఉన్నాయి. "ఆ బాబు సంతకం ఎట్టినాడా?" అని అడిగారు. లేదన్నాను. "క్యాంపు నించి ఎప్పుడొత్తాడు?" అన్నారు. నేను కలానికి మూత పెట్టాను. ఆవిడ నా మొహంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా ఆ గదిలోకి నడిచారు. ప్యూను అడ్డం వెళ్ళబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

ఆవిడ కుర్చీకి ఎదురుగా నేల మీద కూచున్నారు. చైర్మన్ గారు ఆ బొటనవేలంత బొమ్మని పెద్దది చేయించి, పటం కట్టించి గోడకి పెట్టించారు. దాంతో మాట్లాడారావిడ.

"బాబూ, నువ్వు తెప్పోడివి. గెడ్డంటే ఏటో నీకు తెలవాల. పదకొండేల్లు అడిగినావంట. నాను ఆరు నెల్లే అడిగినాను, నాకే ఇసుగొచ్చేసింది. నువ్వు అడుగుతుంటే అన్నాలకెల్లిపోయేవోరంట కదా. ఈల్లు అలగా కాదు. కూకోబెట్టి ఇంతారు. ఇనీసి మల్లీ సోమారం రమ్మంతారు. శ్రావణంలో మా వూల్లో ఇద్దరు నీళ్ళాడాల, అదింక మూడు నెల్లే ఉంది బాబూ."

నాకు సిగ్గేసింది. ఆ మాట దాచుకోను. ఆవిడ అర్జీ మీద ఈ పెద్దమనిషిని తెచ్చి కూచోబెట్టింది నేను. ఊరు పేరు రాసింది నేను. గడులు నింపడం తప్ప ఇంకేమీ రాని నా చెయ్యి ఆవిడ వంతెనకి అడ్డంగా పడుకుంది. గడులతో చెడిన పని గడులతోనే బాగుపడాలని, ఆ మధ్యాహ్నం సర్వీసు రిజిస్టరు తీసి మొదటి పేజీ నుంచి చదివాను. తరవాత దాన్ని పట్టుకుని కూర్మారావు గారి దగ్గరికి వెళ్ళి, పుట్టిన తేదీ మీద వేలు పెట్టాను.

ఆయన నీరసంగా చూశారు. "1803. అయితే ఏటి?"

"పదవీ విరమణ వయసు దాటిందేమో చూడండి."

కూర్మారావు గారు లేచి నిలబడ్డారు. ఆయన మొహంలోకి తొమ్మిదేళ్ళ ఆశ ఒక్కసారి తిరిగొచ్చింది. "మరి ఇన్నాళ్ళూ కూచోబెట్టారేటండీ? ఎంత ఘోరం. ఈ నెలాఖరుకే పంపించేద్దాం." అరగంటలో నోటు చైర్మన్ గారి ముందుంది. చైర్మన్ గారు నొచ్చుకున్నారు గానీ నియమం నియమమే. "సంస్థకు వన్నె తెచ్చిన అధికారి. వీడ్కోలు ఘనముగా జరగవలెను," అన్నారు.

మా మండలిలో వీడ్కోలంటే ఒక పద్ధతుంది. దండ, శాలువా, పళ్ళబుట్ట, ఉపన్యాసాలు, గ్రూపు ఫోటో. ఆ తరవాత ఆఫీసు జీపుకి పూలు కట్టి, విరమించిన మనిషిని దాంట్లో కూచోబెట్టి, బ్యాండు మేళంతో ఇంటి గుమ్మం దాకా దిగబెట్టాలి. ఇంటివాళ్ళ చేత, క్షేమంగా చేరినట్టు రసీదు రాయించుకోవాలి. ఆ రసీదు ఫైల్లో పడేదాకా విరమణ పూర్తయినట్టు కాదు. అప్పటిదాకా ఆ కుర్చీలో ఇంకొకరు కూచోకూడదు. ఎప్పుడో ఒకాయన్ని దారిలో సినిమా హాలు దగ్గర దింపేస్తే వాళ్ళావిడ గొడవ చేసిందట. అప్పటి నుంచీ ఉంది ఆ నియమం.

వీడ్కోలు ఏర్పాట్ల జాబితా రాయడం సిబ్బంది వ్యవహారాల సెక్షను పని, అంటే నా పని. జాబితా చైర్మన్ గారి ముందు పెట్టి నిలుచున్నాను. కూర్మారావు గారు పక్కనే ఉన్నారు.

"దిగబెట్టవలసిన స్థలము?" అన్నారు చైర్మన్ గారు.

"కొర్రలవలస అండీ. సర్వీసు రిజిస్టరు ప్రకారం సొంత ఊరు. జీపు ఏడొంపులగెడ్డ దాకా వెళ్తుంది. అక్కడ ఆపేసి, పటాన్ని చేత్తో మోసుకుని ఇసకలో దిగాలి."

చైర్మన్ గారి కనుబొమలు లేచాయి. "నూటఅరవై సంవత్సరములకు పైబడి సేవ చేసిన అధికారిని ఇసుకలో దింపుటయా? ఇది సంస్థ గౌరవమునకు భంగకరము. జీపు గుమ్మము వరకు వెళ్ళవలెను."

"జీపు వెళ్ళాలంటే వంతెన ఉండాలండీ."

"అట్లయిన ఏర్పాటు చేయుడు."

"వంతెన మంజూరుకి కార్యనిర్వాహక అధికారి సంతకం కావాలండీ. ఆయనేమో విరమిస్తున్నారు."

కూర్మారావు గారికి చెమటలు పట్టాయి. రసీదు లేకపోతే ఆయనకి కుర్చీ లేదు. నేను అప్పుడు మెల్లిగా జాబితా ముందుకు జరిపాను. అందులో ఇలా రాసి ఉంది: పూలదండలు రెండు, శాలువా ఒకటి, షామియానా ఒకటి, కుర్చీలు నలభై, బ్యాండు మేళం ఒకటి, వంతెన ఒకటి. వీడ్కోలు ఏర్పాట్లకి చైర్మన్ గారి సంతకం చాలు.

ఆయన జాబితా రెండుసార్లు చదివారు. "కుర్చీలు ఏబది చేయుడు," అని సంతకం పెట్టారు.

మా మండలి వెనక స్థలంలో ముక్కలు ముక్కలుగా విప్పి బిగించుకునే ఇనప వంతెన ఒకటి పదకొండేళ్ళుగా గడ్డిలో పడి ఉంది. గొర్రెలు దాని నీడన పడుకునేవి. కూర్మారావు గారు తొమ్మిదేళ్ళలో ఎన్నడూ చెయ్యని పని చేశారు. లారీ ముందు సీట్లో కూచుని స్వయంగా గెడ్డ దగ్గరికి వెళ్ళారు. టోపీ పెట్టుకుని ఎండలో నిలబడి మరలు లెక్కపెట్టారు. కొర్రలవలస మగా ఆడా అంతా వచ్చి రాళ్ళు మోశారు. తవిటమ్మ గారి భర్త ఎర్రయ్య, ఏ చోట అడుగున బండ ఉందో ఏ చోట ఊబి ఉందో ఒక్కొక్కటీ చూపించి స్తంభాలు నిలబెట్టించాడు. పందొమ్మిదో రోజుకి వంతెన లేచింది. చినుకు ఇంకా పడలేదు.

వీడ్కోలు సభ బ్రహ్మాండంగా జరిగింది. పటానికి దండ వేశారు, శాలువా కప్పారు. చైర్మన్ గారు ముప్పావుగంట మాట్లాడారు. "మృదుభాషి, మితభాషి, ఏనాడు తన కొరకు ఏమియు కోరని త్యాగశీలి" అన్నారు. అందులో ఒక్క అబద్ధం లేదు. తరవాత పటాన్ని జీపు ముందు సీట్లో పెట్టి, బ్యాండు మేళం నడుస్తుండగా ఊరేగింపుగా వెళ్ళాం. జీపు వంతెన ఎక్కగానే ఇనుము గలగలమంది. అవతలి ఒడ్డున ఊరంతా నిలబడి ఉంది. తవిటమ్మ గారు హారతిచ్చి, పటాన్ని దించుకుని, రసీదు మీద సంతకం చేశారు. కూర్మారావు గారు సిరా ఆరేదాకా ఆ రసీదుని ఊదుతూనే ఉన్నారు.

షామియానా కింద అందరం పకోడీలు తింటుండగా కూర్మారావు గారు గొంతు సవరించుకున్నారు. అప్పటికి ఆయన కార్యనిర్వాహక అధికారై పావుగంటైంది. "వీడ్కోలు ఏర్పాట్లుగా తెప్పించిన సామగ్రిని మరునాటి సాయంకాలము లోపల విప్పి యథాస్థానమునకు చేర్చవలెను," అన్నారు. "షామియానా, కుర్చీలు, వంతెన."

నా చేతిలో పకోడీ చేతిలోనే ఉండిపోయింది. జాబితాలో వంతెనని షామియానా కింద రాసింది నేనే. ఊరివాళ్ళు మొదట అర్థం కాక నవ్వారు, అర్థమయ్యాక ఎవరూ నవ్వలేదు. శ్రావణంలో నీళ్ళాడాల్సిన ఇద్దరూ వాళ్ళలోనే ఉన్నారు.

తవిటమ్మ గారు పటాన్ని చంకలోంచి దించలేదు. "బాబూ, ఒక మాట," అన్నారు చైర్మన్ గారితో. "మా అత్త పింఛనుకి ఏటా నవంబరులో ఆపీసుకొచ్చి బతికున్నానని సెప్పాల. రాకుంటే సచ్చిపోయిందని రాసెత్తారు. ఈ బాబు రానక్కర్నేదేటి?"

"ఎట్లు రానక్కరలేదు?" అన్నారు చైర్మన్ గారు. "విశ్రాంత ఉద్యోగి ఎవరైనను ఏటేటా స్వయముగా హాజరై జీవించియున్నట్లు నిరూపించుకొనవలెను. పెన్షను మంజూరు కాకున్నను ఈ నిబంధన వర్తించును."

"మరి వంతెన ఇప్పీసుకుపోతే ఎలగొత్తాడు? ఈ ఒడ్డున దించినోరు మీరే కదా."

చైర్మన్ గారు ఆలోచనలో పడ్డారు. కూర్మారావు గారి వైపు చూశారు. కూర్మారావు గారు చొక్కా జేబులో ఉన్న రసీదుని తడుముకుని, తన కుర్చీకి ప్రమాదం లేదని నమ్మకం కుదిరాక, నిజమేనన్నట్టు తలాడించారు. అక్కడికక్కడే, పకోడీల పొట్లం విప్పి ఆ కాయితం వెనక, ఉత్తర్వు రాసింది నేను. "సదరు అధికారి జీవించియున్నంత కాలము వంతెనను యథాతథముగా ఉంచవలెను." చైర్మన్ గారు సంతకం చేస్తూ ఒక్క క్షణం ఆగి, "వారి ఆరోగ్యము బాగుగనే ఉన్నది కదా?" అని అడిగారు.

అందరూ పటం వైపు చూశారు. 1871 సంగతి అక్కడ తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ తవిటమ్మ గారూ. "గుండ్రాయిలా ఉన్నాడు బాబూ," అన్నారావిడ. నేను ఇంకో పకోడీ తీసుకున్నాను.

శ్రావణంలో ఏడొంపులగెడ్డ ఒడ్డులు ఒరుసుకుని పారింది. ఆ ఇద్దరూ ఆటోలో వంతెన దాటి ఆసుపత్రికి వెళ్ళారు, నాలుగు రోజుల తేడాలో పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని తిరిగి దాటారు. నేను పుస్తకాన్ని మళ్ళీ డ్రమ్ము కింద పెట్టేశాను. డ్రమ్ము కాస్త కారుతుంది. పి అక్షరంలో కొన్ని తేదీలు ఇప్పటికే చెరిగిపోయి ఉంటాయి.

నవంబరు మొదటి సోమవారం తవిటమ్మ గారు పటం చంకలో పెట్టుకుని వచ్చారు. కాళ్ళకి చెప్పులున్నాయి, మెట్ల మీద తుడుచుకునే పని లేదు. పటాన్ని నా ఎదురు కుర్చీలో కూచోబెట్టారు. నేను ఫారం తీశాను.

"జీవించి ఉన్నారా?"

"ఉన్నారు బాబూ."

"ఆరోగ్యం?"

"బాగున్నాది."

"విరమణ తరవాత మరే పనిలోనైనా చేరారా?"

ఆవిడ కొంగుతో పటం మీది దుమ్ము తుడిచారు. "నేదు బాబూ. వంతెనొచ్చినాక తెప్పకి పనేటుంది. ఇరిసి పొయ్యిలో ఎట్టీమన్నాడు, నాను ఎట్టనేదు. పొద్దల్లా వంతెన మీద కూకోని, వొచ్చేటోల్లనీ పోయేటోల్లనీ సూత్తాడు. ఇసుగునేదు మరి."

ఎవరి గురించి చెబుతున్నారని నేను అడగలేదు. లేదు అన్న గడిలో టిక్కు పెట్టి, కింద సంతకం చేశాను.